కవి, కుంగుబాటు, క్రీస్తు విశ్వాసం: విలియం కూపర్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

సికింద్రాబాద్‌లోని మా సంఘ యువజనులతో కలిసి గత వర్షాకాలంలో కొన్ని శనివారం సాయంత్రాలు విలియం కూపర్ అనే ఆంగ్ల కవిని చదివాము. నేను కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి గనుక కవిత్వం గురించి ప్రశ్నలు వస్తాయనుకుని సిద్ధపడి వెళ్లాను. రెండో వారానికే ప్రశ్నలు కవిత్వాన్ని దాటి ఇళ్లలోకి వెళ్లాయి. అందరి ముందు అడిగినవి కొన్ని. అందరూ వెళ్లిపోయాక, చెప్పులు వేసుకుంటూ మెట్ల దగ్గర అడిగినవి ఎక్కువ. వాటిలో మళ్లీ మళ్లీ వచ్చినవాటికి నాకు తెలిసినంతలో ఇక్కడ జవాబులు రాస్తున్నాను. నేను వైద్యుణ్ణి కాను, సంఘ కాపరినీ కాను. ఆ రెండు పక్షాల వారితోనూ కూర్చుని మాట్లాడిన ఒక పాఠకుణ్ణి మాత్రమే.

ఎవరీ కూపర్? రెండు వందల ఏళ్ల కిందటి ఇంగ్లీషు కవి మనకెందుకు?

విలియం కూపర్ 1731లో ఇంగ్లండులోని బెర్క్‌హామ్‌స్టెడ్‌లో, ఒక చర్చి పాస్టరు ఇంట్లో పుట్టి, 1800 ఏప్రిల్ 25న ఈస్ట్ డీరమ్ అనే ఊళ్లో మరణించాడు. తన కాలంలో పాఠకులు అత్యధికంగా చదివిన కవులలో ఒకడు. 1785లో వెలువడిన ‘ది టాస్క్’ అనే ఆరు భాగాల దీర్ఘకావ్యంతో పల్లెదారులు, శీతకాలపు సాయంత్రాలు, టీ కెటిల్ వంటి మామూలు సంగతులను ఇంగ్లీషు కవిత్వంలోకి తెచ్చినవాడు. బానిస వ్యాపారాన్ని ఎదిరిస్తూ 1788లో పద్యాలు రాశాడు, ప్రాచీన గ్రీకు కవి హోమర్‌ను అనువదించి 1791లో ప్రచురించాడు. సికింద్రాబాద్ చర్చిల్లో ఇంగ్లీషు ఆరాధనకు వెళ్లేవారు ఆయన పేరు తెలియకుండానే ఆయన్ను పాడి ఉంటారు. దేవుడు నిగూఢమైన మార్గాలలో నడుస్తాడన్న కీర్తన, క్రీస్తు రక్తాన్ని ఊటగా చెప్పిన కీర్తన ఆయనవే.

ఇదే మనిషి జీవితంలో ఐదుసార్లు తీవ్రమైన మానసిక వ్యాధికి లోనయ్యాడు. దేవుడు తనను శాశ్వతంగా తోసివేశాడన్న నమ్మకంతో చివరి ఇరవై ఏడేళ్లు గడిపాడు. ఇలాంటి మనిషి మన ప్రార్థన కూటాలలో కూడా ఎక్కడో వెనుక వరుసలో కూర్చుని ఉంటాడు కాబట్టే ఆయన్ను ఎంచుకున్నాను.

పేరు కౌపర్ అనాలా, కూపర్ అనాలా?

ఇంగ్లీషు అక్షరాలు చూస్తే కౌపర్ అనిపిస్తుంది. ఆయన కుటుంబం మాత్రం కూపర్ అనే పలికేది.

ఆయనకు వచ్చిన జబ్బు ఏమిటి? ఎప్పుడు మొదలైంది?

ఆరో ఏట తల్లి పోయింది. తమ్ముడు పుట్టినప్పుడు కాన్పులోనే చనిపోయింది. ఆ వెంటనే చేర్పించిన బడిలో ఒక పెద్ద కుర్రాడు ఈ పిల్లవాణ్ణి ఎంతగా హింసించాడంటే, తల ఎత్తి అతని ముఖం చూసే ధైర్యం లేక, అతని బూటు బకిళ్లను బట్టి గుర్తుపట్టేవాణ్ణని కూపర్ పెద్దయ్యాక రాసుకున్నాడు. జబ్బుకు కారణం ఇవేనని నేను అనడం లేదు; తల్లిని పోగొట్టుకున్న పిల్లలందరికీ ఈ జబ్బు రాదు. కాని ఆ బకిళ్లను మరిచిపోవడం కష్టం.

మొదటి కుంగుబాటు 1753 ప్రాంతంలో, లండన్‌లో న్యాయవాద విద్య చదువుతున్న రోజుల్లో వచ్చింది. రెండవది 1763లో, మరింత తీవ్రంగా. బ్రిటిష్ పార్లమెంటు ఎగువ సభ అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో ఒక గుమాస్తా పదవికి బంధువు ఆయన పేరు సూచించాడు. ఆ పదవి దక్కాలంటే సభ ముందు నిలబడి పరీక్షకు జవాబులు చెప్పాలి. నలుగురి ముందు నిలబడటం తనలాంటి వాళ్లకు విషంతో సమానమని నమ్మిన మనిషి, ఆ తేదీ దగ్గరపడే కొద్దీ పూర్తిగా కూలిపోయి ప్రాణం తీసుకోవడానికి పలుమార్లు ప్రయత్నించాడు. ఇంటర్ ఫలితాల వారంలో హైదరాబాద్ ఇళ్లలో ఏం జరుగుతుందో చూసినవారికి ఈ సంగతి వివరించి చెప్పనక్కరలేదు.

1763 డిసెంబరులో సెయింట్ ఆల్బన్స్‌లో నథానియేల్ కాటన్ అనే వైద్యుడు నడిపే చిన్న వైద్యశాలలో చేర్పించారు. రోగులను గొలుసులతో కట్టిపడేయడం మామూలైన ఆ కాలంలో దయగల వైద్యుడు దొరకడం కూపర్ అదృష్టం. కాటన్ కూడా పద్యాలు రాసేవాడు, భక్తిపరుడు. కూపర్ అక్కడ ఏడాదిన్నర ఉన్నాడు. మూడవ దాడి 1773లో, నాలుగవది 1787లో వచ్చాయి. ఐదవది 1794లో మొదలై చనిపోయేదాకా వదలలేదు.

ఇప్పటి పేర్లలో చెప్పమంటే, మళ్లీ మళ్లీ తిరగబెట్టే తీవ్రమైన డిప్రెషన్, దానితోపాటు లేని స్వరాలు వినిపించడం, లేని తీర్పును నిజమని నమ్మడం అని వైద్యులు అంటారు. బైపోలార్ (అతి ఉత్సాహం, కుంగుబాటు మారిమారి వచ్చే జబ్బు) అన్నవారూ ఉన్నారు. రోగిని చూడకుండా రెండు శతాబ్దాల తర్వాత చేసే రోగనిర్ధారణకు ఉండవలసినంత విలువే ఉంటుంది.

మతపిచ్చే ఆయన మతిని పోగొట్టిందని అంటారు. నిజమేనా?

ఈ ప్రశ్న మా గుంపులో ఒక నాస్తిక మిత్రుడు అడిగాడు. చాలామంది జీవితచరిత్రకారులూ ఇదే అన్నారు, ముఖ్యంగా ఆయన స్నేహితుడైన పాస్టరు జాన్ న్యూటన్ మీద నేరం మోపారు. కాని తేదీలను వరుసగా పెట్టి చూస్తే ఈ వాదం నిలవదు. మొదటి రెండు దాడులు 1753, 1763లలో వచ్చాయి. కూపర్‌కు సువార్త విశ్వాసం కలిగింది 1764 జూలైలో. అది కూడా చర్చిలో కాదు, కాటన్ వైద్యశాల తోటలో బెంచీ మీద దొరికిన బైబిల్‌ను, తర్వాత తన గదిలో తీసిన రోమా పత్రిక మూడో అధ్యాయాన్ని చదివినప్పుడు. తెలుగు బైబిల్లో ‘కరుణాధారము’ అన్న మాట వచ్చే ఇరవై ఐదో వచనమే అది. న్యూటన్‌తో పరిచయం కలిగింది 1767లో. అంటే జబ్బు ముందు వచ్చింది, విశ్వాసం తర్వాత వచ్చింది, న్యూటన్ ఆ తర్వాత వచ్చాడు.

అయితే అటుపక్కనున్న విశ్వాసులైన మిత్రులు కూడా సంతోషించడానికి లేదు. 1773 ఫిబ్రవరిలో కూపర్‌కు ఒక కల వచ్చింది. అందులో ఒక స్వరం లాటిన్‌లో, నీ పని అయిపోయింది, నువ్వు నశించావు అని చెప్పింది. దాన్ని దేవుని తీర్పుగా నమ్మాడు. అదే సంవత్సరం శరత్కాలంలో, అబ్రాహామును కొడుకు ఇస్సాకును అర్పించమన్నట్టుగా, దేవుడు తనను తన ప్రాణం అర్పించమంటున్నాడని నమ్మి ప్రయత్నించి, బతికాడు. బతకడాన్నే అవిధేయతగా లెక్కవేసుకుని, ఇక తనకు క్షమాపణ లేదనుకున్నాడు.

ఇక్కడ ఒక వింత ఉంది, దాన్ని నిదానంగా చూడాలి. కూపర్, న్యూటన్ ఇద్దరూ నమ్మిన కాల్విన్ సిద్ధాంతం ప్రకారం, దేవుడు ఒకసారి నిజంగా చేరదీసిన మనిషిని మళ్లీ విడిచిపెట్టడు. కూపర్‌కు ఆ సిద్ధాంతం కంఠతా వచ్చు. తాను ఒకప్పుడు నిజంగానే రక్షించబడ్డానని కూడా ఆయన ఒప్పుకునేవాడు. మరి ఎలా నశించావయ్యా అంటే, లోకం మొత్తంలో నా ఒక్కడి విషయంలోనే దేవుడు ఆ నియమాన్ని పక్కన పెట్టాడు అనేవాడు. అంటే ఆయన నిరాశ ఆయన మతబోధ నుంచి పుట్టలేదు. ఆ బోధకు అడ్డం తిరిగి నిలబడింది. జబ్బు తన మాటలను మనిషి ఇంట్లో ఉన్న పెట్టెలోంచే తీసుకుంటుంది. డబ్బు గురించి ఆలోచించేవాడికి అప్పులపాలయ్యానని, పోలీసు కథలు వినేవాడికి తనను వెంటాడుతున్నారని అనిపిస్తుంది. బైబిల్‌లో మునిగి ఉన్న కూపర్‌కు తీర్పు, శాపం, విసర్జన అన్న మాటలు దొరికాయి. మతం జబ్బును పుట్టించకపోయినా, ఆ జబ్బు కూర్చోవడానికి మాత్రం కుర్చీ వేసిందని ఒప్పుకోవాలి.

నిజమైన విశ్వాసం ఉంటే కుంగుబాటు ఎలా వస్తుంది?

విశ్వాసం ఉన్నవాళ్లకు షుగరు ఎలా వస్తుందో అలాగే వస్తుంది. ఈ జవాబు కొందరికి దురుసుగా అనిపించిందని తెలుసు గనుక బైబిల్లోంచే చెబుతాను. రాజుల మొదటి గ్రంథం పంతొమ్మిదో అధ్యాయంలో ఏలీయా ప్రవక్త, కర్మెలు కొండ మీద అంత గొప్ప విజయం తర్వాత, బదరీ వృక్షం కింద కూర్చుని ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని దేవుణ్ణి అడుగుతాడు. దేవదూత ఆయన్ను గద్దించలేదు, వాక్యం చెప్పలేదు, విశ్వాసం లేదా అని అడగలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, ఒక బుడ్డిలో నీళ్లు పెట్టి, లేచి తినమన్నాడు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారి కూడా తినమనే లేపాడు. మాటలు ఆ తర్వాత వచ్చాయి. ఎనభై ఎనిమిదో కీర్తన అయితే వెలుగు రాకుండానే, చీకటి ఒక్కటే తనకు బంధువర్గమైందన్న మాటతో ఆగిపోతుంది. దానికి చివర ఒక స్తుతి తగిలించి సరిచేయాలని గ్రంథాన్ని కూర్చినవారికి తోచలేదు.

జాన్ న్యూటన్ మంచివాడా, చెడ్డవాడా?

ఒకప్పుడు బానిసలను తరలించే ఓడలకు కెప్టెన్‌గా పనిచేసి, తర్వాత పాస్టరైన ఈయన, నేడు లోకమంతా పాడుతున్న ‘అమేజింగ్ గ్రేస్’ రచయిత. కూపర్‌ను ఓల్నీ అనే చిన్న ఊరికి రప్పించి, కీర్తనలు రాయమని ప్రోత్సహించి, ఇద్దరివీ కలిపి 348 కీర్తనలతో 1779లో ‘ఓల్నీ కీర్తనలు’ అచ్చు వేయించాడు. కూపర్ రాసినవి అరవైకి పైగా. నాలుగు గోడల మధ్య ఉండవలసిన పిరికి మనిషిని ఇంటింటి పరామర్శలకు, బహిరంగ ప్రార్థనలకు లాక్కెళ్లాడన్న విమర్శలో కొంత నిజం ఉంది. న్యూటన్‌ది ఇనుములాంటి ఆరోగ్యం. అలాంటివారికి ఎదుటివారి అలసట అర్థం కాదు.

కాని 1773లో కూపర్ కూలిపోయినప్పుడు తన ఇంట్లోకి తెచ్చుకుని ఏడాదికి పైగా ఉంచుకున్నది ఆయనే. ఆ నెలల గురించి న్యూటన్ రాసిన ఒక వాక్యం నన్ను ఆపేసింది. 1774 మే నెలలో ఒకరోజు కూపర్ కోళ్లకు మేత వేస్తుండగా ఏదో చిన్న సంగతి జరిగి చిరునవ్వు నవ్వాడట. పదహారు నెలలకు పైగా అయ్యాక అదే మొదటి నవ్వు అని న్యూటన్ రాశాడు. ఆ నెలలను లెక్కపెట్టుకుంటూ కూర్చున్న మనిషి మీద నేను తేలికగా నేరం మోపలేను.

మేరీ అన్విన్ అనే విధవరాలి మాట కూడా ఇక్కడే చెప్పాలి. కూపర్ కంటే ఏడేళ్లు పెద్దది. ముప్పై ఏళ్లపాటు ఆయన్ను కాచుకున్నది ఆమె. ఊళ్లో వాళ్లేమనుకున్నా పట్టించుకోలేదు. పక్షవాతం వచ్చి ఆమె పడిపోయినప్పుడు కూపర్ ఆమెకు సేవ చేశాడు. 1796 డిసెంబరులో ఆమె పోయింది.

పొగమంచులో దారి తప్పిన బండివాడి కథ నిజమేనా?

వాట్సాప్‌లోనూ ప్రసంగాల్లోనూ తిరిగే కథ ఇది: కూపర్ చనిపోవడానికి బండెక్కి థేమ్స్ నదికి వెళుతుంటే, పొగమంచులో బండివాడు దారితప్పి మళ్లీ ఆయన ఇంటి ముందే దింపాడనీ, ఆ రాత్రే నిగూఢ మార్గాల కీర్తన పుట్టిందనీ. ఆ కీర్తన 1773 జనవరి దాడికి కాస్త ముందు రాసినదని చెబుతారు. అప్పటికి కూపర్ ఉంటున్నది లండన్‌కు చాలా దూరంలోని ఓల్నీలో. పదేళ్ల కిందట, 1763లో, లండన్‌లో ఒకసారి బండెక్కి వెళ్లి, మనసు చెదిరి, అదే బండిలో వెనక్కి వచ్చిన మాట వాస్తవం. ఎవరో ఈ రెండింటినీ కలిపి కుట్టారు. నిజం ఇంతకంటే కష్టమైనది: భయపెడుతున్న మబ్బులు కరుణతో నిండి ఉన్నాయని, తొందరపడి దేవుణ్ణి తప్పుగా అర్థం చేసుకోవద్దని రాసినవాడు, కొద్ది రోజులకే ఆ మబ్బుల కింద పడి మళ్లీ పూర్తిగా లేవలేదు.

1773 తర్వాత ఆయన చర్చికే వెళ్లలేదంటారు. అలాంటప్పుడు ఆయన కీర్తనలు మనం పాడవచ్చా?

వెళ్లలేదు. ప్రార్థన కూడా చేయలేదు; తోసివేయబడినవాడు ప్రార్థిస్తే అది మరో అపరాధమవుతుందని ఆయన భావన. ఇంట్లో ఇతరులు భోజనానికి ముందు ప్రార్థిస్తుంటే ఆయన ఊరికే కూర్చునేవాడు. అయినా ఇతరులకు రాసిన ఉత్తరాలలో దేవుడు మంచివాడన్న మాటను ఎన్నడూ వెనక్కి తీసుకోలేదు, తనకు తప్ప అందరికీ మంచివాడన్నాడు.

పాడవచ్చా అంటే, మీరు ఇంతకాలం పాడుతూనే ఉన్నారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం చేత పట్టుకుని ఆదివారం నిలబడినప్పుడు, ఆ పాట రాసిన మనిషి ఆ రాత్రి ఎలా నిద్రపోయాడని మనం అడగము. ఎవరైనా అడిగితే, ఈ కీర్తన రాసినవాడికి దాని ఆదరణ అందలేదు గనుక మనం ఆయన తరఫున కూడా పాడుదామని నేను చెబుతాను. మా గుంపులో ఒక అమ్మాయి దీనికి ఒప్పుకోలేదు, ఆదరణ అందకపోతే అది అబద్ధమే కదా సార్ అంది. ఆ అమ్మాయికి ఇప్పటికీ నా దగ్గర పూర్తి జవాబు లేదు.

జబ్బు వల్లే గొప్ప కవిత్వం వచ్చిందా?

కవి అంటే కొంచెం తిక్క ఉండాలన్న మాట మన దగ్గర ముద్దుగా చెలామణీ అవుతుంది. కూపర్ విషయంలో లెక్క చూద్దాం. దాడులు తీవ్రంగా ఉన్న నెలల్లో ఆయన దాదాపు ఏమీ రాయలేదు. ‘ది టాస్క్’ 1783, 1784లలో, జబ్బు వెనక్కి తగ్గి ఉన్న కాలంలో వచ్చింది. దేని మీద రాయమంటారు అని కూపర్ అడిగితే, లేడీ ఆస్టెన్ అనే స్నేహితురాలు ఈ సోఫా మీద రాయండి అని నవ్వుతాలుగా అన్న మాటతో మొదలై ఆరు భాగాలదాకా సాగింది. జనాన్ని కడుపుబ్బ నవ్వించిన జాన్ గిల్పిన్ గుర్రపు స్వారీ పద్యం కూడా ఆమె చెప్పిన కథే.

దానికి ముందు మరో మందు దొరికింది. 1774లో, ఇంకా కోలుకోని రోజుల్లో, పొరుగింటి పిల్లలు విసుగొచ్చి వదిలేయబోతున్న ఒక కుందేలు పిల్లను తెచ్చి పెట్టుకున్నాడు. అది తెలిసి ఊరివాళ్లు మరికొన్ని తెచ్చిచ్చారు. మూడింటిని ఉంచుకుని పస్, టైనీ, బెస్ అని పేర్లు పెట్టాడు. ఆడపేర్లలా ఉన్నా మూడూ మగవే. వడ్రంగం పని నేర్చుకుని వాటికి తానే వేరువేరుగా ఇళ్లు కట్టాడు. టైనీ చివరిదాకా మచ్చిక కాలేదు, దగ్గరికెళితే ముందుకాళ్లతో కొట్టేది. పస్‌కు మూడు రోజులు జబ్బు చేస్తే మిగతావాటి నుంచి విడిగా ఉంచి ఆకులలములు తినిపించి బాగుచేశాడు. కోలుకున్నాక అది ఆయన చేతిని నాకడం మొదలుపెట్టి, మొదట చేతి వీపు, తర్వాత అరచెయ్యి, తర్వాత ఒక్కో వేలు, ఆ తర్వాత వేళ్ల సందులు, ఏ భాగాన్నీ మిగల్చకుండా నాకిందని 1784లో ఒక పత్రికకు రాసిన ఉత్తరంలో వర్ణించాడు. లోకంలో ఎవరికీ అక్కరలేనివాణ్ణనుకున్న మనిషి చేతిని ఒక ప్రాణి అంత శ్రద్ధగా నాకడాన్ని ఆయన ఎంత జాగ్రత్తగా గమనించాడో చూడండి. కవిత్వం ఆ గమనింపులో ఉంది. జబ్బు ఆ కళ్లను మూసేది.

అయితే రెండు మినహాయింపులు చెప్పకపోతే నేను మోసం చేసినట్టవుతుంది. మతి తప్పిన కాలంలో రాసినదిగా చెప్పే చిన్న పద్యం ఒకటి, 1799లో, చనిపోవడానికి ఏడాది ముందు రాసిన ‘ది కాస్ట్‌అవే’ రెండవది. ఓడ నుంచి అట్లాంటిక్‌లో పడిపోయిన ఒక నావికుడు, తోటివారు కాపాడలేక ముందుకు సాగిపోతుంటే, కొంతసేపు ఈదుతూ కేకలు వేసి మునిగిపోతాడు. నేను అతనికంటే లోతైన నీళ్లలో మునిగాను అంటాడు కవి చివర్లో. ఆయన రాసిన వాటిలో అత్యుత్తమం ఇదేనని చాలామంది విమర్శకుల అభిప్రాయం, నాదీ అదే. కాని చూడండి, ఛందస్సు ఎక్కడా తూలదు, ప్రాస ఎక్కడా తప్పదు. నలభై ఏళ్లపాటు మంచి రోజుల్లో చేసిన సాధన ఆ చెడ్డ రోజున చేతికి అందింది.

ఈ సంగతి మీద పరిశోధనలు ఏమంటున్నాయి?

స్వీడన్‌లో లక్షలాది మంది వైద్య రికార్డులను వృత్తులతో సరిపోల్చి 2011లోనూ 2013లోనూ ప్రచురించిన అధ్యయనాలు ముఖ్యమైనవి. సృజనాత్మక వృత్తుల్లో ఉన్నవారికి మొత్తం మీద మానసిక వ్యాధులు ఎక్కువేమీ కాదని, బైపోలార్ విషయంలో మాత్రం సంబంధం కనిపించిందని, రచయితల్లో ఆ జబ్బుతోపాటు డిప్రెషన్ వంటివి కూడా ఎక్కువగా ఉన్నాయని తేలింది. వ్యాధిగ్రస్తుల ఆరోగ్యవంతులైన దగ్గరి బంధువులు అలాంటి వృత్తుల్లో ఎక్కువగా కనిపించడం నాకు ఆసక్తిగా తోచింది. వంశంలో ఉన్న ఏదో ఒక లక్షణం కొద్దిగా ఉంటే ఉపకరిస్తుందేమో, హద్దు మీరితే నాశనం చేస్తుందేమో అనుకోవచ్చు.

మన తెలుగులో ఇలాంటి కవి ఉన్నాడా?

క్రైస్తవ విశ్వాసం, బాధ, కవిత్వం అనగానే అందరూ జాషువా పేరు చెబుతారు. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన మహాకవి ఆయన. కాని ఆయన్ను ఈ వరుసలో కూర్చోబెట్టడం పొరపాటు. జాషువా బాధకు కారణం ఆయన మనసులో లేదు, ఊళ్లో ఉంది. దాని పేరు కులం. ‘గబ్బిలం’లోని దుఃఖానికి మాత్రలు రాసే వైద్యుడు ఉండడు, ఉండకూడదు. న్యాయంగా కలిగిన దుఃఖాన్ని జబ్బనడం, జబ్బును బలహీనత అనడం, రెండూ మన ఇళ్లలో రోజూ జరిగే తప్పులే.

ఇంగ్లీషులో అయితే పోల్చదగినవారు ఉన్నారు. పిచ్చాసుపత్రిలో ఉండగా తన పిల్లి జెఫ్రీ దేవుణ్ణి ఎలా స్తుతిస్తుందో రాసిన క్రిస్టఫర్ స్మార్ట్, జెసూట్ అనే క్యాథలిక్ సంఘంలో గురువైన కవి హాప్కిన్స్ ముఖ్యులు.

మందులు వాడితే కవిత్వం పోతుందా?

ఈ ప్రశ్న అడిగిన అబ్బాయి పాటలు రాస్తాడు, గిటారు వాయిస్తాడు, ఆరాధన బృందంలో ఉన్నాడు. కొన్ని మందులతో మగతగా ఉండటం, మనసు మొద్దుబారినట్టు అనిపించడం నిజమే, ఆ మాట డాక్టరుకు చెబితే మోతాదో మందో మార్చి చూస్తారు. డిప్రెషన్ మందులు పనిచేయడానికి సాధారణంగా కొన్ని వారాలు పడుతుంది. మధ్యలో మనంతట మనం ఆపేయడం ప్రమాదకరం. మిగతాది కూపర్ లెక్కే చెబుతోంది: బాగున్న ఏళ్లలో వేల పంక్తులు, బాగులేని ఏళ్లలో గుప్పెడు.

ఇంట్లో ఎవరికైనా ఇలా ఉంటే హైదరాబాద్‌లో ఎక్కడికి వెళ్లాలి?

‘ఎర్రగడ్డకు పంపాలి’ అన్న తిట్టు ఈ ఊళ్లో పుట్టినవాళ్లందరికీ తెలుసు. ఆ తిట్టు వల్లనే చాలామంది ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల గేటు దాటరు. అక్కడ ఔట్ పేషెంట్ విభాగంలో చూపించుకుని, మందులు తీసుకుని అదే రోజు ఇంటికి వచ్చేవారే ఎక్కువమంది. గాంధీ, ఉస్మానియా ఆసుపత్రులలోనూ మానసిక వైద్య విభాగాలున్నాయి. వెళ్లడానికి మనసొప్పకపోతే ముందు 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అనే ఈ ప్రభుత్వ సేవ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ప్రాణాపాయం కనిపిస్తుంటే ఆలోచించకుండా 108 పిలవండి, మనిషిని ఒంటరిగా వదలకండి.

చట్టం గురించి కూడా భయపడుతుంటారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, దానికి శిక్ష వేయకూడదు, చికిత్స అందించాలి. అదే చట్టం రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టకూడదంటుంది. స్వస్థత పేరుతో మనిషిని మంచానికి కట్టి దయ్యం వదిలిస్తామనేవారికి ఈ వాక్యం చూపించండి.

మా అయ్యగారు (పాస్టరు) మందులు ఆపి ఉపవాస ప్రార్థన చేయమన్నారు. ఏం చేయాలి?

ప్రార్థన చేయండి, మందులు ఆపకండి. ఉపవాసం ఉండాలా అన్నది డాక్టరును అడిగి నిర్ణయించుకోండి, ఎందుకంటే కొన్ని మందులు ఖాళీ కడుపున పడవు, బైపోలార్‌కు ఇచ్చే లిథియం వాడేవారు నీళ్లు మానేస్తే రక్తంలో దాని మోతాదు ప్రమాదకరంగా పెరగవచ్చు.

నేను చూసిన ఒక సంగతి చెబుతాను. కొన్నేళ్ల కిందట మా దగ్గరి కుటుంబంలో గృహ కూటానికి వెళ్లాను. అయ్యగారు, అమ్మగారు రాకముందే ఆ ఇంటి తల్లి, టీవీ పక్కన బైబిల్ మీద ఉన్న మాత్రల డబ్బాను తీసి బియ్యం డ్రమ్ము వెనక దాచింది. వారంలో ఏడు రోజుల పేర్లు రాసిన ప్లాస్టిక్ డబ్బా అది. శుక్రవారం గడి మూత సరిగ్గా పడక ఒక తెల్లమాత్ర నేల మీద దొర్లింది. కూటంలో ఆ ఇంటి కొడుకు కోసం ప్రార్థించినప్పుడు, అతని ‘ఆత్మీయ బలహీనత’ పోవాలని అన్నారు. కుర్రవాడు తల వంచుకుని కూర్చున్నాడు. అందరూ బిర్యానీ తిని వెళ్లాక తల్లి డబ్బా తీసి మళ్లీ బైబిల్ మీద పెట్టింది. ఆ కూటంలో నేనూ ఉన్నాను, నేనూ ఏమీ మాట్లాడలేదు.

కూపర్‌కు కూడా ఇలాంటి సలహాదారు తగిలాడు. మొదటి కుంగుబాటులో జార్జ్ హెర్బర్ట్ భక్తి కవిత్వం చదువుతుంటే కొంచెం తేరుకున్నట్టు ఉండేది. అది చదివితే జబ్బు ఇంకా ముదురుతుందని ఒక బంధువు చెప్పగా మానేశాడు. ఆదరణ ఇస్తున్నదాన్ని లాక్కునే ముందు, అది మాత్రయినా పద్యమయినా, మనిషిని ఒక మాట అడగాలి.

చివరికి ఆయనకు శాంతి దొరికిందా?

బయటికి కనిపించినంతలో లేదు. చనిపోయే ముందు రోజుల్లో ఒక స్త్రీ నీరసం తగ్గడానికి ఏదో తాగమని ఇస్తే, దాంతో ఒరిగేదేముంది అన్నాడట. నమోదైన ఆఖరి మాట అదే. చనిపోయిన తర్వాత ఆయన ముఖంలో ప్రశాంతతతో కలిసిన ఒక పవిత్రమైన ఆశ్చర్యం కనిపించిందని, దగ్గరుండి చూసుకున్న బంధువు జాన్ జాన్సన్ రాశాడు. ప్రసంగాల్లో ఈ మాటను అందరూ ఇష్టంగా చెబుతారు. ఆ ముఖాన్ని ప్రేమించిన మనిషి సాక్ష్యం అది, దానిని కాదనడానికి నాకు హక్కు లేదు. దాని మీద సిద్ధాంతం కట్టడానికీ మనసొప్పదు.

ఎక్కడి నుంచి చదవడం మొదలుపెట్టాలి?

కుందేళ్ల ఉత్తరంతో. ఆ తర్వాత టైనీ చనిపోయినప్పుడు రాసిన స్మృతి పద్యం, 1790లో తల్లి బొమ్మ చేతికి అందినప్పుడు రాసిన పద్యం. ‘ది టాస్క్’ మొత్తం ఒకేసారి చదవకండి, నాలుగో భాగంలోని శీతకాలపు సాయంత్రం చాలు. నా దగ్గరున్న పుస్తకం, ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచే చోట, ఎనభై రూపాయలకు దొరికింది. అట్ట లోపల ఎవరో విద్యార్థికి ఇచ్చిన బహుమతి చీటీ ఇంకా అతికి ఉంది. ‘ది కాస్ట్‌అవే’ను మాత్రం ఒంట్లో, మనసులో బాగున్న రోజున, పక్కన ఒక మనిషి ఉండగా చదవండి. మేము దాన్ని ఆఖరి శనివారానికి ఉంచుకున్నాము. ఆ రోజు వాన జోరుగా కురుస్తుంటే, గిటారు వాయించే అబ్బాయే పైకి చదివాడు.